సీటు కింది నంబరు

ఆ పెద్ద సమ్మెలో బస్సులు ఆగిపోయినందుకు లోలోపల సంబరపడినవాళ్లం మా జిల్లా మొత్తం మీద ముగ్గురమే ఉంటాం. తెలంగాణ రావాలన్న కోరిక నాకు లేకపోలేదు. బడికి తాళం వేసి తోటి పంతుళ్లతో కలిసి రోడ్డు మీద బైఠాయించాను, అక్కడే వండిన అన్నం అక్కడే తిన్నాను, గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చాను. ఇవన్నీ చేస్తూనే నా కళ్లు మాత్రం దారిన పోయే సైకిళ్ల వెంట తిరిగేవి. బస్సుల్లేక జనం అటకల మీదా గొడ్ల కొట్టాల్లోనూ ఏళ్లకేళ్లుగా పడివున్న పాత సైకిళ్లను దులిపి బయటికి తీశారు. ఒకరోజు రఘునాథపల్లి వైపు నుంచి ఒక ముసలాయన రాడ్ బ్రేకుల సైకిలు మీద వస్తుంటే నినాదం సగంలో వదిలేసి ఆయన వెంటపడ్డాను. పక్కన కూర్చున్న మా హెడ్మాస్టరు ఏమనుకున్నాడో ఇప్పటికీ అడగలేదు.

మా ముగ్గురి సంగతి చెప్పాలి. నేను జనగామలో లెక్కల పంతులిని. రెండో ఆయన స్టేషను రోడ్డులో సైకిలు రిపేరు దుకాణం నడిపే పెద్దాయన, మేం ఉస్తాద్ అంటాం. మూడో అతను భూపాలపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా, నాకన్నా చిన్నవాడు. నెలకో ఆదివారం ఉస్తాద్ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని పాత సైకిళ్ల వయసు తేల్చడం మా పని. ఎవరూ అప్పగించిన పని కాదు. పిచ్చి అంటే అదే కదా.

సైకిలుకు పుట్టిన తేదీ కాగితం ఉండదు. సీటు కింద, గొట్టాలు కలిసే చోట, ఒక అక్షరమూ కొన్ని అంకెలూ గుద్ది ఉంటాయి. దాని మీద పలుచని కాగితం పరిచి పెన్సిలును వాల్చి రుద్దితే నంబరు కాగితం మీదికి తేలుతుంది. ఆ కాగితాన్ని నోటుబుక్కులో అంటించి, పాత రసీదులతోనూ, చక్రాల నడుమ హబ్బు మీది గుర్తులతోనూ పోల్చుకుని పక్కన సంవత్సరం రాస్తాం. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకిచ్చారు. మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోనిదే సంవత్సరం గడి నింపకూడదు. కాటారం దగ్గర గడ్డివాము వెనక దొరికిన ఒక సైకిలు గడి నాలుగేళ్లుగా ఖాళీగానే ఉండేది. దాన్ని చూసి మా ఆవిడ, "ఎవలి సైకిల్ ఎప్పుడు పుట్టిందో నాలుగేండ్లు లెక్కవెడ్తరు గని కన్నబిడ్డ పుట్టినరోజు మాత్రం యాదికుండది" అనేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

సమ్మె మూడో వారంలో మానుకోట నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడ దీక్షా శిబిరం ఏర్పాట్లన్నీ అతని చేతిలోనే ఉండేవి. భూములున్న ఇల్లు, ఊరి రాజకీయాల్లో తిరిగినవాడు, ఎవరిని ముందు వరసలో కూర్చోబెట్టాలో ఎవరిని వెనక కూర్చోబెట్టాలో తెలిసినవాడు.

"బావా, అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం కొట్లాడినోళ్లకు ఆయితారం నాడు శాలువాలు కప్పుతున్నం" అన్నాడు. "ముగ్గురికి కాయితాలున్నయ్. నాలుగో ఆయిన తండా మనిషి. జైలు కాయితం లేదు, ఫోటో లేదు. నా సైకిలే సాక్ష్యం అంటుండు. కొందరేమో శాలువ కోసం కథ జెప్తుండు అంటున్రు. నువ్వొచ్చి సైకిల్ జూసి జెప్పు. అరవై తొమ్మిదికి ముందటిదైతె కప్పుతం, లేకుంటె లేదు."

దాచడమెందుకు, నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లూ మా పిచ్చిని చూసి మూతులు తిప్పుకున్న అత్తగారింటివాళ్లు మొదటిసారి దానికొక పని చూపించారు. ఇద్దరు ఒప్పుకోవాలన్న కట్టుబాటు ఆ పూట గుర్తే రాలేదు. రైళ్లు ఒకరోజు నడిచి ఒకరోజు ఆగుతున్న రోజులవి. మర్నాడు నడిచింది, ఎక్కేశాను.

శిబిరం రోడ్డు పక్కన షామియానా కింద ఉంది. నలభై యాభై మంది జనం. ఆయన ఒక పక్కన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అరవై దాటిన సన్నపాటి మనిషి, తలకు ఎర్ర రుమాలు. ఆ పొద్దున్నే సైకిలుకు కొబ్బరినూనె రాసినట్టున్నాడు, దగ్గరికి పోతే వాసన వచ్చింది. తండాలో ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. మాతో తెలుగు మాట్లాడేటప్పుడు ఆయన ఒక్కో మాటా చూసుకుని పెట్టాడు.

"నేను పటేల్ ఇంట్ల పనికుంటి సారూ. పటేల్ కొడుకు పై సదువుకు పోయేటప్పుడు గీ బండి నాకిచ్చిండు. తెల్లోళ్ల దేశం బండి అని జెప్పిండు. గొడవలప్పుడు సీటు గుంజి, గా గొట్టంల ఉద్యమం కాయితాలు సుట్టవెట్టుకోని ఊరూరికి ఇచ్చొచ్చేది. గార్ల దిక్కు పోతుంటె పోలీసోళ్లు పట్టుకున్నరు. బండి గుంజుకున్నరు. నా చెయ్యి జూడుండ్రి."

ఎడమ చేయి చాచాడు. మోచేతి దగ్గర అది పూర్తిగా సాగక సగంలోనే ఆగిపోయింది. నేను చూశాను. కానీ నేను చూడటానికి వచ్చింది సైకిలును.

అందరూ చుట్టూ మూగారు. మోకాళ్ల మీద కూర్చుని, సీటు కింద తుడిచి, కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. ఒక అక్షరం, ఐదు అంకెలు శుభ్రంగా తేలాయి. ఆ అక్షరంతో మొదలయ్యే నంబర్లు మన దేశంలో తయారైనవి, డెబ్భై నాలుగు తర్వాతివి. ఘనపూర్‌లో ఒక రైతు ఇంట్లో దొరికిన రసీదు కూడా అదే చెప్పింది. తడబడవలసిన అవసరం ఏమీ లేదు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మాత్రం అంతకన్నా పాత తీరుగా ఉంది. పళ్ల చక్రం కూడా మన ఫ్యాక్టరీల నమూనాలా లేదు. ఏదో తిరకాసుగా అనిపించింది. కానీ అంతమంది నా మొహం కేసి చూస్తున్నారు. సామాన్లు మార్చుకుని ఉంటాడులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

"ఇది డెబ్భై నాలుగు తర్వాతి సైకిలు" అన్నాను, బోర్డు మీద జవాబు రాసి దాని చుట్టూ సున్నా చుట్టే గొంతుతో.

"సారూ, జర ఆగుండ్రి, గా సీటు కాడ..." అని ఆయన ఏదో చెప్పబోయాడు.

చేయి ఎత్తాను. "కాకా, మనిషి మర్చిపోతడు. నంబర్ మర్చిపోదు" అన్నాను. ఆ వాక్యం అప్పుడు నాకు భలే నచ్చింది.

వెనక నుంచి ఎవరో, "అయితె ఇంక పుట్టని సైకిల్ తొక్కిండన్నట్టు" అన్నారు. షామియానా అంతా నవ్వింది. ఆయన నవ్వినవాళ్ల వైపు చూడలేదు. వంగి, సీటు కింద వేళ్లతో తడుముకున్నాడు. అక్కడొక నంబరు ఉందని, అది మాట్లాడుతుందని అప్పుడే తెలిసినట్టు. సైకిలెక్కలేదు. నడిపించుకుంటూనే వెళ్లిపోయాడు.

"మంచి పని జేసినవ్ బావా, లేకుంటె నలుగుట్ల ఇజ్జత్ పోతుండె" అన్నాడు బామ్మర్ది. వాళ్లింట్లో కోడికూర వండించారు. నాకు సహించలేదు. ఎందుకు సహించలేదో కూడా అర్థం కాలేదు. సరైన జవాబే చెప్పాను. సరైన జవాబు చెప్పినవాడికి ఆకలి ఎందుకు చచ్చిపోవాలి?

అదే రాత్రి రైలుకు తిరిగొచ్చి, మర్నాడు ఆ కాగితం తీసుకుపోయి ఉస్తాద్ చేతిలో పెట్టాను, మెచ్చుకుంటాడనే. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు.

"నంబర్ సరే. దాని కింద గీ వంకర గీత ఏంది?"

"పెయింటు పగులు అనుకున్న."

"పెయింటు పగులు కాయితం మీద గింత లావు తేల్తదా?" కాగితం నా ముందు పెట్టి ఆ గీత మీద నల్లటి గోరుతో గీశాడు. "గిది ఇత్తడి అతుకు. బస్తాలకు బస్తాలు సైకిళ్ల మీదనే మోసేటోళ్లు. సీటు కాడ గొట్టం పగిలేది. కొత్త ఫ్రేం కొనే తాకతు ఎవలికుండె? పాత సామాన్ల నుంచి ఇంకో సైకిల్ ముక్క కోసి, ఇత్తడి కరగవోసి అతికేది. ఆ ముక్క మీద దాని నంబర్ అట్లనే ఉంటది. మీదికెల్లి నల్ల రంగు కొడ్తే అయిపాయె. నేనే ఎన్ని అతికిన్నో నాకే యాదిలేదు."

"అంటే ఈ నంబర్ ఆ సైకిల్‌ది కాదా?"

"ముక్కది. సైకిల్‌ది ఎట్లయితది?"

ఇన్నేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం, ఈ ముక్క ఎన్నడూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాడు. "అతుకు ఉన్న బండిని నేను కంటితోనే పక్కకు పెడ్త. గందుకే నీ బుక్కుల అసుంటిది ఒక్కటి లేదు. కాయితం మీద రుద్దుడు నీ పద్ధతి." కాగితం నా వైపు తోసి మళ్లీ అడిగాడు. "ఇంతకు ఎవలను అడిగి జెప్పినవ్?"

శిబిరంలో జరిగిందంతా చెప్పాను. తెల్లవాళ్ల దేశం బండే అయితే పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున ఇంకో నంబరు ఉంటుందని, దాని మీద ఎవరూ ముక్కలు వేయరని, మట్టి గీకి అది రుద్దుకు రమ్మని చెప్పి, ఉస్తాద్ పంక్చరు వేస్తున్న ట్యూబు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

భూపాలపల్లి గుమాస్తాకు ఫోన్ చేశాను. అతనూ సమ్మెలోనే ఉన్నాడు, వెనక మైకు మోగుతోంది. అంతా విని, "అన్నా, నాకు ఒక్కటి సమజైత లేదు" అన్నాడు. "సైకిల్ పాతదైతె ఆయిన అరవై తొమ్మిదిల ఉన్నట్టా? కొత్తదైతె లేనట్టా? అసలు మనం కాంట వెట్టి జోకింది ఏంది?"

అదే నాకూ తెలియలేదు. పాత సైకిలు ఉన్నవాళ్లంతా ఉద్యమం చేయలేదు. ఉద్యమం చేసినవాళ్లందరికీ సైకిళ్లు లేవు. లెక్కల పంతులిని, ఇంత చిన్న సంగతి శిబిరంలో ఎందుకు తట్టలేదు? తట్టి ఉంటే బామ్మర్దితో, ఇది సైకిలు తేల్చే సంగతి కాదయ్యా అని ఉండేవాణ్ణా? నంబరు దొరికితే చాలు, మిగతా ప్రపంచమంతా దానికి తగినట్టు సర్దుకుంటుందని ఎప్పటి నుంచి నమ్ముతున్నానో గుర్తు చేసుకోబోయాను. చేతకాలేదు. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకున్నాను, ఆ రెండో నంబరు రుద్దుకొస్తే నేను చేసిన తప్పు నేనే దిద్దుకోవచ్చు.

పట్టాల మీద జనం కూర్చున్నారు. నాలుగు రోజులు రైళ్లు కదల్లేదు. శాలువాలు కప్పే ఆదివారం దాటిపోయింది. రైలు కదిలిన రోజు మానుకోటలో దిగి, బజారులో ఒక శాలువా కొని సంచిలో పెట్టుకుని బామ్మర్ది దగ్గరికి పోయాను. నేను తప్పు చెప్పానన్నాను. మైకులో ఆ మాట మళ్లీ చెబుతానన్నాను.

"శాలువాలు అయిపోయినయ్ గద బావా" అన్నాడు. "ఇప్పుడు మల్ల తవ్వుకునుడు ఎందుకు? ఎవలికి యాదుంది?"

వాళ్లింట్లోని సైకిలు తీసుకుని తండాకు బయలుదేరాను. ఏడెనిమిది కిలోమీటర్లు, పత్తి చేన్ల మధ్య మట్టిదారి. దారంతా చెప్పవలసిన మాటలు కూర్చుకుంటూ పోయాను.

ఇంటి ముందు ఆయన భార్య మక్క కంకులు ఒలుస్తోంది. నన్ను చూసి వాళ్ల భాషలో లోపలికి ఏదో చెప్పి, మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. గోడకు ఆనించి ఉన్న సైకిలు సీటు కింద ఏదో తెల్లగా మెరుస్తోంది. దగ్గరికి పోయి చూశాను. నంబరు లేదు. అది ఉన్నచోట ఇనుము తేలి, వేలు పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. ఫోర్కు మీద అలాంటిదే ఇంకో మచ్చ. హబ్బుల మీద, హ్యాండిలు మీద, పెడల్ కాడల మీద కూడా. గంట మూత మీద కంపెనీ అక్షరాలు ఉండాలి, అవీ లేవు.

సైకిలును నేల మీద పడుకోబెట్టాను. పెడల్ ఇరుసు గొట్టం అడుగున మట్టి మొత్తం గీకేసి ఉంది. దాని కింద ఇనుము కూడా గీకేసి ఉంది. అయినా జేబులోంచి కాగితం తీసి, పరిచి, పెన్సిలుతో రుద్దాను. ఎంత రుద్దినా బూడిదరంగే తప్ప ఏమీ తేలలేదు. తల ఎత్తేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇదేంది కాకా?"

"ఆకురాయితోని గీకిన సారూ."

"అన్నీ ఎందుకు గీకినవ్?"

"నాకు సదువు రాదు. ఏది నంబరో ఏది కాదో నాకెట్ల ఎరుక? గీతలు గనవడ్డకాడల్ల గీకిన. మూడు రోజులు వట్టింది."

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. తప్పు చెప్పానని, సీటు దగ్గర ముక్క అతికారని, ఆ నంబరు ఈ బండిది కాదని ఎట్లాగో చెప్పాను.

"గది నాకెరుకనే" అన్నాడు. "పోలీసోళ్లు ఇడిసినంక సూస్తె గొట్టం పగిలి ఉండె. ఏండ్లకేండ్లు మూలకు వెట్టి ఆఖరికి మానుకోటల అతికిపిచ్చిన. ఆ దినం గదే జెప్పబోతి. నువ్వు చెయ్యి లేపితివి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. అడుగున గీకేసినచోట అసలు నంబరు ఉండేదని, అది ఆయన వైపే సాక్ష్యం చెప్పి ఉండేదని వివరించాను. చెబుతుంటే నాకే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అది మాత్రం ఉంచి ఉంటే మళ్లీ శిబిరంలో నిలబడి అందరికీ చూపించేవాణ్ణి కదా అన్నాను.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. వంగిన మోచేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ కాసేపు సైకిలు వైపే చూశాడు.

"నంబర్ మాట్లాడవట్టె గద సారూ నేను అబద్ధమైన. ఒక నంబర్ నన్ను దొంగను జేసె, ఇంకో నంబర్ దొరను జేస్తదా? ఇగ అవి మాట్లాడయి. గీ బండి గురించి ఎవలన్న అడిగితె నేనే జెప్పాలె. నమ్మెటోడు నమ్ముతడు."

సంచిలోని శాలువా మీద నా చేయి ఉంది. బయటికి తీయలేదు. సిగ్గేసింది.

ఆయన లేచి లోపలికి పోయి ఒక చిన్న డబ్బా, కుంచె తెచ్చాడు. గోడల మీద నినాదాలు రాయడానికి వచ్చినవాళ్లు వదిలిపోయిన తెల్ల రంగు. "నువ్వు సదువు జెప్పే సారువు. వెనక మడ్గార్డు మీద అరవై తొమ్మిది రాయి" అన్నాడు.

నేను కుంచె పట్టుకుని నిలబడిపోయాను. సైకిలు ఒంటి మీద మన చేత్తో సంవత్సరం రాయడం మాలో ఎవరూ చేయని పని. మోసగాళ్లు చేసే పని. ఆయన మాట నమ్మి రాస్తున్నానా, నా తప్పు కడుక్కోవడానికి రాస్తున్నానా? నమ్మకానికీ సిగ్గుకూ తేడా తెలుసుకోవడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. ఇద్దరు ఒప్పుకోనిదే గడి నింపకూడదు. ఇక్కడ ఒప్పుకున్నవాడు ఆయన ఒక్కడే, రెండోవాణ్ణి నేనేనా? ఆయన నా చేతి కేసి చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఆగమనలేదు, ఏమీ చెప్పబోలేదు. ఆయన భార్య మక్కలు ఒలవడం ఆపింది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. బోర్డు మీద రాసినంత పొందికగా ఆరు రాశాను, పక్కన తొమ్మిది రాశాను.

ఆయన వంగి చూశాడు. తల అటు వంచి ఇటు వంచి చూశాడు. చదవలేని ఆ రెండు అంకెల మీదుగా, తగలకుండా, వేలు పోనిచ్చాడు.

"గింతేనా సారూ?" అన్నాడు.

"గింతే కాకా" అన్నాను.

రంగు ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పాను. ఆయన తల రుమాలు విప్పి, పని చేసే ఒక్క చేత్తో విసరసాగాడు.